తేమ శాఖవారి సముద్ర విహారం

రాయలసీమలో ఎండలకు పేరుపడిన ఒక జిల్లా కేంద్రంలో తేమ పర్యవేక్షణ శాఖవారి కార్యాలయం ఉంది. ఊరి పేరు చెప్పను. చెబితే ఏడాదికి పడే ఆ నాలుగు చినుకులు కూడా అలిగి పక్క జిల్లాకు పోతాయని అక్కడివాళ్ళ భయం. గాలిలో తేమ ఎంత ఉందో రోజూ కొలిచి పుస్తకంలో ఎక్కించడం ఆ శాఖ పని. ఎక్కించేవాడు సీనియర్ అసిస్టెంటు ఓబులేసు. ఇరవై మూడేళ్ళుగా అతను ప్రతి ఉదయం పదిన్నరకు చెక్కపెట్టెలోంచి తేమ మీటరు తీసి, మిద్దె మీదికెక్కి, ముల్లు కదల్లేదని చూసి, కిందికి దిగి, "తేమ" అన్న గడిలో "లేదు" అని రాస్తున్నాడు. వాన పడిన రోజుల్లో మీటరు తడిసి పాడవుతుంది కనుక బయటికి తీయకూడదని ఉత్తర్వు ఉంది. అందుచేత ఆ ముల్లు పుట్టిన దగ్గర్నుంచీ కదిలిన పాపాన పోలేదు.

"లేదు" అని రాయడం బయటివాళ్ళు అనుకున్నంత తేలిక కాదు. శాఖకు పదకొండో నిబంధన అని ఒకటుంది. ఉన్నదాన్ని ఉందని ఎవరైనా రాయవచ్చు. లేనిదాన్ని లేదని రాయాలంటే మాత్రం ఉద్యోగి మీటరుతో సహా స్వయంగా ఆ చోటికి వెళ్ళాలి, కళ్ళారా చూడాలి, ఒక సాక్షి ఎదుట రాయాలి. చోటు కొత్తదైతే వరసగా ఏడు రోజులు చూస్తే తప్ప "లేదు" చెల్లదు. మిద్దె మీద సాక్షిగా నిలబడేది అటెండరు గోవిందు. అతనికి వచ్చే ఏడాది రిటైర్మెంటు. నిలబడి నిలబడి అతనికి మిద్దె మీద తనదంటూ ఒక చోటు ఏర్పడింది, అక్కడ సున్నం అరిగిపోయింది.

ఓబులేసుకు పెళ్ళయిన కొత్తలో భార్య వన్నూరమ్మ ఒక మాట అడిగింది. సముద్రానికి అవతలి గట్టు కనపడదంట గదా, నిజమేనా అని. ఓబులేసుకూ తెలియదు. అతనూ సముద్రం చూడలేదు. కానీ కొత్త పెళ్ళికొడుకు తెలియదని ఎట్లా అంటాడు? "చూపిస్తా పద" అన్నాడు. ఆ "పద" అన్న మాటకు ఇప్పటికి ఇరవై రెండేళ్ళు నిండాయి. ఏటా సెలవు చీటీ పెట్టడం, ఏటా ఒకటే జవాబు రావడం: "మీరు సెలవుపై వెళ్ళినచో 'లేదు' అని వ్రాయువారు లేరు కావున మీ అభ్యర్థన తిరస్కరించడమైనది."

వన్నూరమ్మ మాత్రం ఆశ వదల్లేదు. ఆమె వంటింటి మేకుకు ఐదు లీటర్ల నూనె క్యాను ఒకటి కడిగి, ఎండబెట్టి తగిలించి ఉంచింది. సముద్రం నీళ్ళు ఉప్పగా ఉంటాయంటే పక్కింటి సాలమ్మ నమ్మలేదు. ఉప్పు అంగట్లో దొరుకుతుంది గానీ నీళ్ళలో ఎట్లా వస్తుందని వాదించింది. ఒక క్యాను పట్టుకొచ్చి నీ నోట్లో పోస్తానని వన్నూరమ్మ పంతం పట్టింది. పంతం పట్టినప్పటి క్యాను చిల్లుపడింది, దాని తర్వాతిదీ పోయింది. ఇప్పుడున్నది మూడోది.

ఇట్లా ఉండగా ఆ వేసవిలో పైనుంచి ఒక సర్క్యులరు దిగింది. ఉద్యోగుల ముఖాలు మరీ వాడిపోయి ఉంటున్నాయని రాజధానిలో ఒక పెద్దాయన గమనించాడట. ఆయన అప్పుడే ఏదో దేశంలో ఒక పక్క సముద్రం, ఒక పక్క కొండలు చూసుకుని, ముఖం కాస్త నిగనిగలాడించుకుని వచ్చి ఉన్నాడు. వచ్చీ రాగానే "ఉద్యోగి ఉల్లాస పథకం" ప్రకటించాడు. సర్క్యులరులో ఇలా ఉంది: "ప్రతి ఉద్యోగియు తన జీవిత భాగస్వామితో కలసి, ఎండ కాయు సముద్రతీర పర్వత ప్రాంతమునందు ఏడు దినములు విధిగా ఉల్లాసము పొందవలెను. ఉల్లాసము పొందనివారిపై శాఖాపరమైన చర్య తీసుకొనబడును."

ఓబులేసు ఆ కాగితం మూడుసార్లు చదివాడు. సెలవు ఇస్తామనడం కాదు, తీసుకోకపోతే ఊరుకోమంటున్నారు. సాయంత్రం ఇంటికి వెళ్ళి చెప్పులైనా విప్పకుండా భార్యకు చెప్పాడు.

"నిజమేనా? నువ్వు మల్ల ఊరికే చెప్తాండావేమో" అంది వన్నూరమ్మ.

"సర్కారు ఆర్డరు మేయ్. పోకపోతే మెమో ఇస్తారంట."

వన్నూరమ్మ వంటింట్లోకి పోయింది. మేకు మీదనుంచి క్యాను దించి మళ్ళీ ఒకసారి కడిగింది.

పథకం ప్రకారం ఎవరి విహారానికి వాళ్ళు ముందుగా ఉ-3 అనే ఫారంలో ప్రణాళిక సమర్పించాలి. ఓబులేసు భీమునిపట్నం ఎంచుకున్నాడు. అక్కడ కొండ దిగితే సముద్రం, సముద్రం నుంచి తలెత్తితే కొండ అని ఎవరో చెప్పగా విన్నాడు. ఫారం శ్రద్ధగా నింపాడు. "మొదటి రోజు: సముద్రం చూస్తాము. రెండో రోజు: సముద్రం చూస్తాము. మూడో రోజు: ఐదూ నలభైకి సూర్యోదయం చూసి, కొండ ఎక్కి (ఎక్కుట ఒక గంట, దిగుట ఒక గంట), పైనుంచి సముద్రం చూస్తాము. నాలుగు నుండి ఏడు రోజులు: పై విధముగానే."

మర్నాడు సూపరింటెండెంటు బసప్ప పిలిచాడు. బసప్ప ముప్పై ఏళ్ళుగా ఫైళ్ళకు కొర్రీలు వేస్తున్న మనిషి. ఇంట్లో భార్య కాఫీ ఇచ్చినా ముందు వెనక్కి పంపించి, రెండోసారి తెస్తే తాగుతాడని చెప్పుకుంటారు.

"ఏమప్పా ఓబులేసూ, ఇదేనా ప్రణాళిక? సముద్రం చూస్తాము అని రాసినావు. దేనికి చూస్తావు?"

"దేనికేముంది సార్. ఊరకే."

"ఊరకే అనే గడి ఉందా ఫారంలో? ప్రయోజనం అనే గడి ఉంది, ఫలితం అనే గడి ఉంది. ఊరకే చూసేదానికి శాఖ ఒప్పుకోదు."

ఓబులేసు తల గోక్కుని, "సముద్ర ఉపరితలమును దృశ్యపరముగా పరిశీలించుట" అని దిద్దాడు. బసప్ప కళ్ళద్దాలు సవరించుకుని చదివి, ఇది బాగుందన్నాడు. ఆ తర్వాత వేలు కిందికి జరిపాడు.

"ఐదూ నలభైకి సూర్యోదయం అన్నావు. ఆ రోజు మబ్బు పట్టితే ఎవరు బాధ్యులు? ఎండ కాయు ప్రాంతము అని సర్క్యులరులో ఉంది. ఏడు దినాలు ఎండ కాస్తుందని ధ్రువపత్రం పెట్టల్ల. ఇంగ ఈ కొండ. ఎక్కుట ఒక గంట, దిగుట ఒక గంట అని రాసినావు. ఎక్కిన కొండే దిగుతావా, వేరే కొండ దిగుతావా?"

"ఎక్కిందే దిగుతాను సార్."

"అట్లయితే ఒకే కొండను రెండుసార్లు వాడుకున్నట్ల గదా. ఆలోచించు."

ఓబులేసు ఆలోచించాడు. నెలపాటు ఆలోచిస్తూనే ఉన్నాడు. ప్రణాళిక పదకొండుసార్లు తిరిగొచ్చింది. పన్నెండోసారి అది నూట నలభై పేజీలైంది. నిమిషానికి రాగల అలలు పన్నెండని అందులో ఉంది. ప్రతి అలకూ ఉద్యోగి ఒకసారి, భాగస్వామి ఒకసారి ఆనందించాలని ఉంది. మూడో రోజు సాయంత్రం నాలుగూ పదికి భాగస్వామి "ఆహా" అనాలని, నాలుగూ పన్నెండుకు ఉద్యోగి దానికి తల ఊపాలని కూడా ఉంది. ఇది విని వన్నూరమ్మ, "నాలుగూ పదికి నాకు అనబుద్ధి కాకపోతే?" అని అడిగింది. పర్వాలేదు, నాలుగున్నర దాకా గడువుందని ఓబులేసు ధైర్యం చెప్పాడు.

ఫైలు డిప్యూటీ డైరెక్టరు పద్మనాభరావు గారి బల్ల మీదికి చేరింది. ఆయన కోస్తా మనిషి. చిన్నప్పుడు సముద్రం పక్కనే పెరిగాడు కానీ, ఉద్యోగంలో చేరాక ఆ సంగతి ఎక్కడా అనలేదు. అంటే బదిలీల్లో ఇబ్బంది వస్తుందని ఆయన ఉద్దేశం. సమీక్షా సమావేశం పెట్టి, రాజధానిలో ఉన్న ఉల్లాస నోడల్ అధికారిణి హైమావతి గారిని ఫోనులో కూర్చోబెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"ఓబులేసు గారి ప్రణాళిక అద్భుతం. కానీ ఒక మౌలిక అంశాన్ని మనం విస్మరించరాదు. సముద్రం మన శాఖ అధీనంలో లేదు. పర్వతమూ లేదు. మన అధీనంలో లేని చోటికి శాఖాపరమైన ఉల్లాసాన్ని నేరుగా పంపించి, అది అక్కడ విఫలమైతే, ఆ అప్రతిష్ఠ ఎవరిది? కావున ముందుగా మన ప్రాంగణంలోనే నమూనా విహారం నిర్వహించి, లోటుపాట్లను గుర్తించి, తదుపరి ముందుకు సాగుదాం."

"వినూత్నమైన ఆలోచన" అంది ఫోను. "అమలు చేసి నివేదిక పంపండి. ఉల్లాసం తొంభై శాతానికి తగ్గకుండా చూడండి."

వన్నూరమ్మకు ఈ సంగతి చెప్పడానికి ఓబులేసుకు కొంచెం నోరు రాలేదు. "పరీక్ష మాదిరి పెడతాండారు. పాసయితిమంటే రైలెక్కేదే" అన్నాడు. ఇరవై రెండేళ్ళు ఆగినదాన్ని, ఇంకో ఏడు రోజులకు ఏమవుతుందిలే అనుకుందామె. దాచిపెట్టుకున్న నీలం చీర కాకుండా మామూలు చీరే కట్టుకుని వచ్చింది.

మిద్దె మీద సకల ఏర్పాట్లూ జరిగి ఉన్నాయి. ఇసుక బస్తాలు రెండు గుమ్మరించి తీరం చేశారు. నీలం టార్పాలిన్ ఒకటి పరిచి సముద్రం అన్నారు. దాన్ని ఆ కొసన గోవిందు, ఈ కొసన వాచ్‌మన్ పట్టుకుని నిమిషానికి పన్నెండు లెక్కన అలలు లేపాలి. పర్వతానికి ఏం చేయాలో మొదట తోచలేదు. చివరికి రికార్డు రూములో అరవై ఏళ్ళ "లేదు"ల పుస్తకాలన్నీ మూటలు కట్టి మిద్దెకెక్కించి పేరిస్తే ఎనిమిదడుగుల ఎత్తు లేచింది. అందులో పైన మూడో వంతు ఓబులేసు చేతిరాతే. ఎండ ఒక్కదానికి మాత్రం ఏర్పాటు అక్కర్లేకపోయింది.

సూర్యోదయం పదిన్నరకు జరిగింది, ఆఫీసు తెరిచేది అప్పుడే గనక. బసప్ప తన టిఫిన్ డబ్బా మూత పర్వతం వెనకనుంచి మెల్లగా పైకెత్తాడు. పద్మనాభరావు గారు గడియారం చూసి, రెండు నిమిషాలు ఆలస్యమైందని రాసుకున్నాడు.

వన్నూరమ్మ చెప్పులు విడిచి సముద్రంలో దిగాలి. ఏప్రిల్ ఎండకు కాగిన టార్పాలిన్ మీద కాలు పెట్టిందో లేదో చురుక్కుమని వెనక్కి లాగింది.

"కాల్తాంది సార్" అంది.

"తమరు చల్లగా ఉన్నట్టు భావించాలమ్మా. ప్రణాళికలో చల్లని కెరటములు అని స్పష్టంగా ఉంది" అన్నాడు పద్మనాభరావు గారు.

పాపం, ఆమె భావించింది. ఏడు రోజులూ భావించింది. అరికాళ్ళు బొబ్బలెక్కితే వెన్న రాసుకుని మర్నాడు మళ్ళీ వచ్చి భావించింది. భర్త రాసిన "లేదు"ల మీద కాళ్ళు పెట్టుకుంటూ పర్వతం ఎక్కింది, అదే పర్వతం దిగింది. మూడో రోజు నాలుగూ పదికి సరిగ్గా "ఆహా" అంది. నాలుగో రోజు అలలు లేపుతూ లేపుతూ గోవిందు కాలికి టార్పాలిన్ చుట్టుకుని సముద్రంలో బోర్లా పడితే మాత్రం నిజంగానే పకపకా నవ్వింది. ఆ నవ్వు ప్రణాళికలో లేదు. బసప్ప కాసేపు తర్జనభర్జన పడి, దాన్ని ఆరో రోజు కోటాలో జమ వేశాడు.

ఓబులేసు ఆమె పక్కన టార్పాలిన్ మీద కూర్చుని ఆనందించాల్సిన సమయాల్లో ఆనందిస్తూ, మధ్యలో లేచి వెళ్ళి తేమ కొలిచి "లేదు" అని రాసి వచ్చేవాడు. ఏడో రోజు సాయంత్రం ఫలితాలు చెప్పారు. ప్రణాళికకూ అమలుకూ తొంభై ఎనిమిది శాతం పొంతన కుదిరింది. పద్మనాభరావు గారు ఓబులేసు చెయ్యి పట్టుకుని ఊపాడు. నోడల్ అధికారిణి ఫోనులో అభినందించి, ఇదే నమూనా అన్ని జిల్లాలకూ పంపిస్తున్నానని చెప్పింది. పది రోజుల్లో రాష్ట్రమంతా ఆఫీసు మిద్దెల మీద టార్పాలిన్లు వెలిశాయి. ఓబులేసుకు "ఉత్తమ ఉల్లాసి" అని ప్రశంసాపత్రం కూడా వచ్చింది.

ఆ పత్రం సంచిలో పెట్టుకుని ఓబులేసు బసప్ప దగ్గరికి వెళ్ళాడు. రైలు టిక్కెట్లు ఎప్పటికి చేయించుకోమంటారని అడిగాడు.

"ఏ రైలు?" అన్నాడు బసప్ప.

"భీమునిపట్నానికి సార్. సముద్రం."

బసప్ప సర్వీసు రిజిస్టరు తెరిచి చూపించాడు. ఏడు దినముల విహారము వినియోగించుకొనిరి, ఉల్లాసము తొంభై ఎనిమిది శాతము, అని ఎర్ర సిరాతో ఉంది. కింద పద్మనాభరావు గారి సంతకం పచ్చ సిరాతో ఉంది.

"ఇంగ యాడి సముద్రమప్పా? అయిపాయ గదా. ఒక మనిషికి ఒకే విహారం. రెండోసారి పోతే ఉల్లాసం దుర్వినియోగం కింద వస్తుంది."

"అది నమూనా అన్నారు గదా సార్."

"నమూనాకు తొంభై ఎనిమిది వచ్చినాక అసలు దేనికి? ఆడికి పోయి నువ్వు తొంభై తెచ్చుకుంటే? ఉన్న మర్యాద పోగొట్టుకుంటావా? ఈడ సంతకం పెట్టు."

ఓబులేసు సంతకం పెట్టాడు. ఇరవై మూడేళ్ళలో అతను పెట్టమన్నచోట పెట్టని సంతకం లేదు. బయటికొచ్చాక మాత్రం ఇంటికి వెళ్ళబుద్ధి కాక, సైకిల్ స్టాండులో చాలాసేపు నిలబడ్డాడు. సిగ్గేసింది. అవార్డు వచ్చినందుకు సిగ్గుపడిన మనిషి ఆ ఆఫీసులో అంతకుముందు లేడు.

వన్నూరమ్మ మొత్తం విని, అరికాళ్ళ మీద ఎండిపోయిన బొబ్బల తోలు గిల్లుకుంటూ కూర్చుంది. తర్వాత లేచింది.

"ఇరవై రెండేండ్లు నీకోసరం ఆగినా. సముద్రమేమన్నా మీ ఆఫీసుదా? నేనేమన్నా మీ బసప్ప కింద పని చేస్తాండానా? మా పొదుపు సంఘమోళ్ళు సింహాచలం పోతాండారు. ఆన్నుంచి భీమిలి దగ్గరేనంట. నేను పోతాండా."

"నేను లేకుండానా?"

"నీకు అయిపాయ గదా. సంతకం గూడా పెట్టొస్తివి."

ఆమె నీలం చీర సంచిలో పెట్టుకుంది. క్యాను చేతికి తగిలించుకుంది. నాలుగు రోజులకు సరిపడా చింతకాయ పచ్చడి నూరిపెట్టి వెళ్ళిపోయింది.

మూడో రోజు పదిన్నరకు ఓబులేసు మిద్దె మీద మీటరు పట్టుకుని నిలబడి ఉండగా ఫోనులో ఫొటో వచ్చింది. నీలం చీర మోకాళ్ళ దాకా తడిసి, చేతిలో క్యానుతో, వెనక ఇంతెత్తు అల విరిగి పడుతుండగా వన్నూరమ్మ నవ్వుతోంది. తొంభై ఎనిమిది శాతంలో ఆ నవ్వు ఎక్కడా లేదు. ఓబులేసు ఫొటో గోవిందుకు చూపించాడు. చూపించకుండా ఉండలేకపోయాడు. గోవిందు వాచ్‌మన్‌కు చెప్పాడు, వాచ్‌మన్ టైపిస్టుకు చెప్పాడు. మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి బసప్ప ఆ ఫొటో మీద ఫైలు తెరిచి, నంబరు వేసి, ట్యాగు కట్టేశాడు.

వన్నూరమ్మ తిరిగొచ్చేసరికి ఇంట్లో మెమో ఉంది. ఆమె క్యాను మళ్ళీ మేకుకు తగిలించింది. ఓబులేసు దాన్ని ఊపి చూశాడు. ఖాళీగా ఉంది.

"నింపలేదా?"

"నింపుదామని వంగినా. నువ్వు లేకుండా చెయ్యి రాలేదు. మోకాళ్ళ దాక పోయి ఎనక్కొచ్చినా."

అతను మెల్లగా అడిగాడు. "అవతలి గట్టు కనపడిందా?"

"నేను చెప్పను" అంది వన్నూరమ్మ. "నువ్వే చూసుకో పో."

సమావేశం మర్నాడు. పద్మనాభరావు గారు ఫొటోను ముందు పెట్టుకుని, ముఖం గంభీరంగా పెట్టుకుని కూర్చున్నాడు. నోడల్ అధికారిణి ఫోనులో ఉంది.

"పరిస్థితి తీవ్రతను మనమందరం గుర్తించాలి" అన్నాడాయన. "సర్వీసు రిజిస్టరు ప్రకారం ఓబులేసు గారి భార్య సముద్ర విహారం మన మిద్దె మీద సంపూర్ణంగా ముగించారు. ఈ ఛాయాచిత్రం ప్రకారం ఆమె వేరొక సముద్రంలో ఉన్నారు. ఇది సముద్రమైతే, మనది ఏమిటి?"

"మనది కాకపోతే, రాష్ట్రంలో మిగతా మిద్దెలు?" అంది ఫోను. "నేను పై వారికి నివేదిక ఇచ్చేశాను. రేపు ఆ పెద్దాయన చేతుల మీదుగా నాకు సన్మానం ఉంది."

"కావున రిజిస్టరు తప్పయ్యే అవకాశం లేదు" అని తేల్చాడు పద్మనాభరావు గారు. చిన్నప్పుడు తను ఈతకొట్టిన సముద్రం గుర్తొచ్చిందో ఏమో, ఫొటో వైపు చూడకుండా దాన్ని బోర్లించి పెట్టాడు. "ఓబులేసు గారూ, బసప్ప గారు ఒక వాంగ్మూలం సిద్ధం చేశారు. సంతకం చేసేయండి. అందరికీ శ్రేయస్కరం."

కాగితంలో ఒకటే వాక్యం ఉంది: "సదరు ఛాయాచిత్రమునందు కనబడు జలరాశి సముద్రము కాదని, సదరు ప్రదేశమున సముద్రము లేదని ఇందుమూలముగా ధ్రువీకరించుచున్నాను."

ఓబులేసు అలవాటుగా పెన్ను మూత తీశాడు. "సముద్రము లేదని" అన్న మాట దగ్గర చూపు ఆగింది. "లేదు" అన్న మాట అతను జీవితంలో కొన్ని వేలసార్లు రాశాడు. ఒక్కసారి కూడా చూడకుండా రాయలేదు. జ్వరం వచ్చినప్పుడు గోవిందు భుజం పట్టుకుని మిద్దె ఎక్కి మరీ చూసి రాశాడు. ఆ మాటే అతని ఉద్యోగం. అతను పెన్ను మూత పెట్టేశాడు.

"రాసేదానికి వీల్లేదు సార్."

బసప్ప, "ఏమంటివీ?" అన్నాడు.

"పదకొండో నిబంధన సార్. లేదని రాయల్లంటే మీటరు తీసుకొని ఆ చోటికి పోవల్ల. కండ్లతో చూడల్ల. సాక్షి ఉండల్ల. నేను ఆ చోటికే పోలేదు. పోకుండా ఆడ సముద్రం లేదని ఎట్ల రాసేది? రేపు ఆడిట్ వాళ్ళు అడిగితే ఏం చెప్తారు సార్?"

ఆడిట్ అన్న మాటకు పద్మనాభరావు గారి చెయ్యి తనంతట తానే నిబంధనల పుస్తకం మీదికి పోయింది. పదకొండోది తీశాడు. చదివాడు. బసప్ప వైపు తోశాడు. బసప్ప చదివి పుస్తకం మూసేశాడు. తన ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇంత నికరమైన కొర్రీ అతను వేయలేదు, కాస్త అసూయ కూడా కలిగింది.

"పంపించండి" అంది ఫోను. "త్వరగా వెళ్ళి, లేదని రాసుకుని రమ్మనండి."

సాయంత్రానికి ఉత్తర్వు తయారైంది. "శ్రీ ఓబులేసు తేమ మీటరుతో భీమునిపట్నము వెళ్ళి, సదరు ప్రదేశమున సముద్రము లేదని పదకొండో నిబంధన ప్రకారము నిర్ధారించవలెను. సదరు స్థలమును గుర్తించుటకు ఛాయాచిత్రములోని వ్యక్తిని సాక్షిగా వెంట తీసుకొనిపోవలెను. ఇది విధి నిర్వహణ అయినందున, మరియు వారి ఉల్లాసపు కోటా పూర్తి అయినందున, వారిరువురును ఎట్టి పరిస్థితులలోను ఉల్లాసము పొందరాదు."

రైల్లో వన్నూరమ్మ ఆ కాగితం చదివించుకుని, ఒడిలో క్యాను పెట్టుకుని, ఉల్లాసం పొందకుండా ఉండడానికి పెదాలు బిగపట్టి కూర్చుంది. గుంతకల్లు దాటేదాకా నిలబడగలిగింది, ఆ తర్వాత వల్లకాలేదు.

భీమునిపట్నంలో దిగిన మర్నాడు ఉదయమే ఆమె ముందు నడిచింది, అతను చెక్కపెట్టె పట్టుకుని వెనక నడిచాడు. కొండ మలుపు తిరిగేదాకా తలెత్తొద్దని చెప్పింది. అతను ఎత్తలేదు. కాళ్ళ కింద రోడ్డు పోయి ఇసుక వచ్చింది. హోరు వినపడింది. ముక్కుకు ఉప్పు వాసన తగిలింది.

"ఇంగ చూడు" అంది.

ఓబులేసు చూశాడు. ఎంతసేపు చూశాడో అతనికి తెలియదు. నీళ్ళ అంచునుంచి ఎండ లేచి అలల మీద పడింది, దాన్ని ఎవరూ టిఫిన్ మూతతో ఎత్తలేదు. అల ఒకటి వచ్చి పాదాలు తడిపితే, చల్లగా ఉందని భావించాల్సిన పని లేకపోయింది. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉత్తర్వు గుర్తొచ్చి తుడుచుకున్నాడు, కానీ ఏడుపు మీద నిషేధం లేదని మళ్ళీ గుర్తొచ్చి ఊరుకున్నాడు.

పెట్టె తెరిచి మీటరు తీశాడు. ఇరవై మూడేళ్ళు కదలని ముల్లు ఒక్కసారి ఉలిక్కిపడి, అటు చివరిదాకా పోయి అక్కడే ఇరుక్కుంది. తట్టినా వెనక్కి రాలేదు.

వన్నూరమ్మ నడుము లోతు దాకా పోయి, క్యాను ముంచి, బుడబుడమని నిండేదాకా పట్టుకుని నిలబడింది. సాలమ్మ పని పడతానని అక్కడినుంచే కేక వేసింది. ఒడ్డుకు వచ్చి తడి చేతులు కొంగుకు తుడుచుకుంటుంటే, ఓబులేసు ఇసుకలో బాసింపట్టు వేసుకుని ఫారం నింపుతున్నాడు.

"ఏమి రాస్తాండావు?" అంది పక్కన కూర్చుంటూ.

అతను చదివి వినిపించాడు. తేమ: ఉంది. సముద్రము: ఉంది. పరిశీలించిన ప్రయోజనం: ఊరకే. అక్కడితో ఫారం అయిపోయింది. కానీ అతను స్కేలు పెట్టి కింద ఇంకో గడి గీశాడు. ఇరవై మూడేళ్ళలో ఫారంలో లేని గడి గీయడం అతనికి అదే మొదలు. తల ఎత్తి, నీళ్ళ చివరిదాకా చూపు పంపి, ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు జాగ్రత్తగా చూసి, సాక్షి ఎదుట రాశాడు.

అవతలి గట్టు: లేదు.

"సంతకం పెట్టు" అని పెన్ను ఆమె చేతికిచ్చాడు. ఆమె తడి వేళ్ళతో పెట్టింది, కాగితం మీద సిరా కాస్త అలుక్కుంది.

"అయిపాయనా? ఇంగ పోవల్లనా?" అంది.

"యాడ అయిపాయ" అన్నాడు ఓబులేసు, ఫారం మడిచి జేబులో పెట్టుకుంటూ. "కొత్త చోటు గదా. ఏడు రోజులు చూడందే లేదని రాసేది చెల్లదు."